ఒప్పుకోలు

సూరిబాబు గడ్డం గీసుకోవడం మానేసి నాలుగు నెలలు దాటింది.

కడుపుతో ఉన్న ఆడదాని భర్త మంగలికత్తి ముట్టకూడదని, శవం మొయ్యకూడదని, సముద్రంలో మునక్కూడదని ఆయన అక్క మంగతాయారు మండపేట నుంచి పనిగట్టుకుని వచ్చి చెప్పింది.

"నాలుగు పోగొట్టుకున్నారు. ఈ ఒక్కసారికీ నా మాట వినండర్రా. మీ సైన్సుకి గడ్డం ఏమన్నా అడ్డమా?"

"గడ్డం సరే. శవాన్ని మొయ్యకూడదన్నావు. శవం అవ్వొచ్చా అక్కా?" అన్నాడు సూరిబాబు.

"ఛీ! నీ నోట్లో మన్ను పొయ్య! ఏం మాటలురా అవి?" అని మంగతాయారు తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. చరిచి, చెయ్యి వెనక్కి తీసుకుని, "ఏంట్రా ఇలా ఎముకలు తగులుతున్నాయి?" అంది.

"ఎండల్లో నర్సరీ పనక్కా."

సూరిబాబు భార్య హైమావతి కూడా అప్పుడు నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమెకి ఆ నవ్వు గుర్తొచ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన నోట శవం అన్న మాట ఆమె విని ఎరగదు. ఉరిమితే కిటికీలు మూసుకునే మనిషి. సూది చూస్తే మొహం అటు తిప్పి ఆమె చెయ్యి పట్టుకునే మనిషి. ఆ పిరికితనాన్ని ఆమె ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో లెక్కలేదు. అది ఎప్పుడు పోయిందో మాత్రం ఆమె గమనించలేదు. గడ్డం వెనక బుగ్గలు ఎప్పుడు లోపలికి పోయాయో కూడా గమనించలేదు. ప్రయోగశాలలో ప్రతి మగ పురుగునీ తూచే తను, ఇంట్లో మనిషిని ఒక్కసారి కూడా తూచలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆయన రాజమండ్రి ఆస్పత్రి నుంచి వచ్చేవాడు. చేతిలో అంటుకొమ్మలు వాడకుండా దాచుకునే ఐసు పెట్టె. అందులో చిన్న సీసా.

"తీసుకోండి డాక్టరుగారూ, ఈ వారం బత్తెం" అని నవ్వుతూ భార్యకి అందించేవాడు.

సీసాలో ఉన్నది పల్చటి గంజిలా ఉంటుంది. అది ఆయన కండ. సోమవారం ఆయనకి ఒక మందు ఎక్కిస్తారు. రెండు రోజుల్లో కండరాలు కొద్దికొద్దిగా కరిగి ఒకానొక ప్రోటీనుగా నెత్తుట్లోకి దిగుతాయి. బుధవారం నెత్తురుని యంత్రంలో తిప్పి, ఆ ప్రోటీను వేరుచేసి, నెత్తురు మళ్ళీ ఆయనకే ఎక్కిస్తారు. వేరుచేసినదాన్ని రోజుకింత చొప్పున ఆమె తాగుతుంది. తాగినంతకాలం బిడ్డ నిలుస్తుంది. ఇదివరకెప్పుడూ మూడో నెల దాటని కడుపు ఈసారి ఆరో నెలలోకి వచ్చింది.

మొదట్లో ముక్కు మూసుకుని మింగేది. తర్వాత తర్వాత బుధవారం వచ్చిందంటే మధ్యాహ్నానికి గేటు దగ్గర నిలబడేది. ఆయన కోసం అనుకునేది. చింతకాయ మీదో పుల్ల మామిడి మీదో పోవలసిన యావ అంతా ఆ సీసా మీదికి పోయిందని తనకి తాను ఒప్పుకోవడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

*

ఆ మందు హైమావతి కనిపెట్టిందే.

దండం పెడుతున్నట్టు ముంగాళ్ళు మడిచి నిలబడే గొల్లభామల్లో ఆడది మగదాన్ని తింటుందన్నది కొత్త సంగతేం కాదు. అగ్గిపెట్టెలో రెండింటిని పెట్టి, మర్నాడు ఒక్కదాన్నే చూసిన పిల్లలకి కూడా తెలుసు. కడియంలో సూరిబాబు నర్సరీకి ఆమె మొదటిసారి వెళ్ళింది వాటి గుడ్ల సంచుల కోసమే. ఆ పెద్ద కళ్ళ అమ్మాయి పురుగుల్ని ఏరుకుంటోందని, ఆ ఏడాది సూరిబాబు గులాబీ మడులకి మందు కొట్టించలేదు. సగం మొక్కలు పోయాయి. పెళ్ళి కుదిరింది.

మగ గొల్లభామలు మామూలుగా పారిపోతాయి. ఒక్కొక్క అడుగూ వేస్తూ, ఆగుతూ, వణుకుతూ వెళ్ళి, పని కాగానే ఎగిరిపోతాయి. అయితే బాగా ఆకలి మీదున్న కొన్ని ఆడ పురుగుల దగ్గర మాత్రం అవి పారిపోవు. ఆడది తల కొరుకుతున్నా అలాగే ఉంటాయి. ఎందుకు? ఆ 'ఎందుకు' వెనక హైమావతి తొమ్మిదేళ్ళు తిరిగింది. ఆ ఆడ పురుగుల ఒంటి నుంచి వచ్చే వాసనలో పదిహేడో నంబరు పదార్థం దొరికింది. అది మగదానిలో రెండు పనులు చేస్తుంది. భయాన్ని ఆర్పేస్తుంది. కండని పండిస్తుంది. అలా పండిన మగదాన్ని తిన్న ఆడది పెట్టిన గుడ్లలో ఒక్కటి కూడా తాలు పోదు.

పురుగుల గది చూసుకునే నూకరత్నం దానికి ఒప్పుకోలు మందని పేరు పెట్టింది. "మా ఇంటాయనకి ఒక చుక్క ఇప్పించండి మేడంగారూ. ముప్పై ఏళ్ళనుంచి నేనేమన్నా ఒప్పుకోలేదండి ఆ మనిషి" అని అందరి ముందూ అడిగేది. ఆ పేరే నిలిచిపోయింది.

రాజమండ్రి ఆస్పత్రిలో డాక్టర్ లలితాంబ దాన్ని మనుషుల దాకా తెచ్చింది. నిబంధనలు రాసే పని హైమావతికి అప్పగించారు. మోతాదు సంగతి దాతతోనే మాట్లాడాలి. దాత తప్ప మరెవరూ ఆపమనడానికి వీల్లేదు. అలా రాసింది. అత్తగార్లు, ఆడపడుచులు ఆస్పత్రి మీద పడి 'మావాడి ఒళ్ళు అరగదీస్తారా' అని మధ్యలో లాక్కుపోతారని, కడుపు మధ్యలో జారిపోతుందని భయపడి రాసింది. దాత హక్కు కోసం అని కమిటీలో చెప్పింది. ఎవరి కోసం రాసిందో ఆమెకి తెలుసు. ఆ పథకంలో మొదటి జంట వాళ్ళే.

*

ఇరవై నాలుగో వారంలో ఒకరోజు నూకరత్నం ఆమెని గదిలోకి పిలిచింది.

"ఇద్దరు తప్ప మగోళ్ళెవరూ తిండి ముట్టట్లేదండి. ఈగల్ని ఏరి ఏరి వేశాను. ముక్కు మీద వాలినా పట్టట్లేదు."

మందు బాగా ఎక్కిన పన్నెండు మగ పురుగుల్ని వాటి ఆడ పురుగుల నుంచి విడదీసి, వేరే పెట్టెల్లో పెట్టి తిరిగి కోలుకుంటాయేమో చూడమని హైమావతి తనే చెప్పింది. పెట్టెలన్నీ ఒకే బల్ల మీద ఉన్నాయి. పది పెట్టెల్లో పురుగులు ముంగాళ్ళు కిందికి వదిలేసి, వలకి ఆనుకుని, ఎదురుగా ఉన్న ఆడ పురుగుల పెట్టెల వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. రెండు మాత్రం ఈగల్ని తింటున్నాయి.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆరు రోజులండి. రమ్మనేవాళ్ళు లేరు, పొమ్మనేవాళ్ళు లేరు. అలా నిలబడ్డారు, పెళ్ళిలో పిలవని చుట్టాల్లాగ."

హైమావతి ఒక్కొక్కదాన్నీ తూచింది. బరువులు రిజిస్టరులో రాసింది. మందు ఎక్కించడం ఆపినా పురుగు కరుగుతూనే ఉంది. ఆ కాగితం అదే రోజు డాక్టర్ లలితాంబకి పంపాలి. పంపితే సూరిబాబుకి సోమవారం సూది ఉండదు. ఇంకో నాలుగు వారాలు గడిస్తే బిడ్డ గట్టిపడుతుంది, అనుకుంది. నాలుగే వారాలు. రిజిస్టరు మూసి సొరుగులో పెట్టింది.

ఆ సాయంత్రం నేరుగా నర్సరీకి వెళ్ళింది. సూరిబాబు మామిడి అంట్లు కడుతున్నాడు. వాచీ మోచేతి దాకా జారిపోయి ఉంది. కొమ్మని చీల్చిన కత్తి బొటనవేలిలోకి కూడా దిగింది. ఆయన ఆ వేలితోనే ప్లాస్టిక్ రిబ్బను చుట్టుకుంటూ పోతున్నాడు. రిబ్బను ఎర్రగా అవుతోంది.

"ఏవండీ, వేలు!"

"ఆఁ?" అని చూసుకున్నాడు. "అవును, తెగిందే."

"నొప్పిగా లేదూ?"

"ఉంది. ఉంటే ఏం?"

ఆమె చీరచెంగు చింపి కట్టు కట్టింది. కడుతూ కడుతూ ఆయన గడ్డంలోకి చెయ్యి పెట్టి తడిమింది. ఎముక మీద పల్చటి తోలు తగిలింది.

"ఆపేద్దామండీ."

"ఏది?"

"సోమవారం సూది."

వాన ఆపేద్దామన్నట్టు చూశాడాయన. "ఎందుకు? నిక్షేపంలా ఉన్నాను."

"చచ్చిపోతారని భయం లేదా మీకు?"

సూరిబాబు కత్తి కింద పెట్టాడు. నిజాయితీగా ఆలోచించాడు. జేబులో తాళంచెవి కోసం వెతుక్కున్నట్టు లోపల ఎక్కడెక్కడో తడుముకున్నాడు.

"లేదే హైమా. ఇదివరకు ఉండేది. ఇక్కడే ఎక్కడో ఉండేది. పోన్లే, లేకపోతేనే హాయిగా ఉంది."

"మాట్లాడుతున్నది మీరా, మందా?"

ఆయన ఆ మాటకి నొచ్చుకోలేదు. దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

"మందు వేసుకోకముందు అడిగినా ఇదే చెప్పేవాణ్ణి. కాకపోతే వణుకుతూ చెప్పేవాణ్ణి" అన్నాడు నవ్వి.

ఆ వణుకే కదా మనిషి, అనుకుంది హైమావతి. వణుకుతూ ఇచ్చినదాన్ని తీసుకుంటే అది ఇచ్చిన మనిషిని మళ్ళీ చూడగలిగేది. ఇప్పుడు తను తీసుకుంటున్నది ఎవరి దగ్గర? వద్దని చెప్పగల ఒక్క మనిషినీ ముందే తీసేసి, మిగిలినవాణ్ణి 'ఇస్తావా' అని అడుగుతోంది.

మర్నాడు ఏదో వంక పెట్టి ఆయన్ని మండపేట పంపింది. పొద్దున్న వెళ్ళినవాడు సాయంత్రం బస్సుకే తిరిగొచ్చాడు. "అక్క అన్నం పెడితే సయించలేదు. ఇక్కడికొస్తే ప్రాణం కుదుటపడింది" అన్నాడు.

*

అప్పుడామె ఒక ఉపాయం ఆలోచించుకుంది. సీసా ఆయన చేతిలోంచి నవ్వుతూ అందుకుని, ఏ రోజు వంతు ఆ రోజు వంటింట్లో కుళాయి కింద వంపెయ్యడం. చెప్తే ఆయన ఒప్పుకోడు. ఇంకా ఎక్కువ ఇవ్వడానికి పరుగెడతాడు. తను తాగకపోయినా బిడ్డ నిలిచిందని ఒక నెల పోయాక చూపిస్తే, అప్పుడు ఆయన్ని సూది మాన్పించవచ్చు. పదహారు వారాలు తాగింది కదా, ఇక చాలదా?

మొదటిరోజు ఆ రోజు వంతులో సగమే వంపగలిగింది. మిగతా సగం సింకు ముందు నిలబడి, వెనక్కి తిరిగి చూసుకుంటూ, తాగేసింది. రెండోరోజు వంతు మొత్తం వంపింది. వంపి, సీసా అంచున మిగిలిన చుక్కని వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. కుళాయి తిప్పి నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. ఆకలి. కడుపులో బిడ్డది కాదు ఆ ఆకలి. తనదే.

రెండు వారాలు అలా వంపింది. శనివారం శనివారం నర్సు వచ్చి ఆమె నెత్తురు పరీక్షకి తీసుకెళ్ళేది. అందులో తేడా వస్తే డాక్టర్ లలితాంబ తనకి ఫోన్ చేస్తుందని, తిడుతుందని, ఏదో ఒకటి చెప్పి దాటెయ్యవచ్చని సిద్ధంగా ఉంది. ఫోన్ రాలేదు. గండం గడిచిందనుకుంది.

మూడో బుధవారం సూరిబాబు గేటు దగ్గర ఆటో దిగడానికి డ్రైవరు చెయ్యి అందించవలసి వచ్చింది. ఐసు పెట్టె మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. అందులో రెండు సీసాలున్నాయి.

"ఏంటివి? రెండెందుకు?"

"నీ పరీక్షలో తగ్గిందట కదా. లలితాంబగారు పోయిన వారమే ఫోన్ చేశారు నాకు. మోతాదు పెంచాలి, ఇష్టమేనా అని అడిగారు. దానిదేముందండీ, పెంచండి అన్నాను. నువ్వు బెంగపడతావని చెప్పలేదు." ఆయన మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. "పోయిన వారం కూడా రెట్టింపే తీశారు. సీసా పెద్దదిచ్చారు. చూళ్ళేదూ?"

హైమావతి చూడలేదు. ఆ సీసాని వంపింది, అంతే.

మోతాదు సంగతి దాతతోనే మాట్లాడాలి. ఆ వాక్యంలో ఎక్కడ కామా పెట్టిందో కూడా ఆమెకి గుర్తుంది. ఆయన్ని కాపాడుతున్నానని సింకులో పారబోసిన ప్రతి గుక్కకీ బదులు మరో గుక్క ఆయన ఒంట్లోంచి తీశారు. తాగి ఉంటే కనీసం బిడ్డకైనా పోయేది. ఎవరికీ కాకుండా, కడియం మురిక్కాలవకి పోయింది ఆయన కండ.

*

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకి పరుగెత్తింది. ఎందుకో ఆమెకే తెలియదు. ఏదో ఒక దారి ఆ పెట్టెల్లో ఉండాలి, ఇంకెక్కడా లేదు.

పదింటిలో నాలుగు చచ్చిపోయాయి. నిలబడినవి నిలబడినట్టే ఎండిపోయాయి. నూకరత్నం వాటిని కాగితంలో పెట్టి, బొట్టు పెట్టినట్టు ఒక్కొక్కదాని మీదా నంబరు వేసింది.

"ఒకడు మాత్రం బతికిపోయాడండి" అంది. "ఏడో నంబరోడు. నిన్న పొద్దున ఠపీమని ఈగని పట్టాడు. చెయ్యి పెడితే నన్నే కరవబోయాడు, ఎదవ."

"ఎలా? మొన్నటిదాకా ముట్టలేదుగా?"

"వాడి ఆడది మొన్న రాత్రి గుడ్లు పెట్టేసిందండి. మొదట్లో తిన్న ఆ ఇద్దరు మగోళ్ళున్నారే, వాళ్ళ ఆడోళ్ళు కూడా అంతేనండి. ఆ గుడ్లు నేనే తీసి పక్కన పెట్టాను. ఆడదాని కడుపు ఖాళీ అయితే వీళ్ళకి ప్రాణం మీద తీపి వస్తోందండి. కడుపు నిండుగా ఉన్నంతకాలం ఇంతే, దిష్టిబొమ్మల్లాగ." అని నూకరత్నం ఆగింది. హైమావతి పొట్ట వైపు చూసింది. "కుర్చీలో కూర్చోండమ్మా" అంది. మేడంగారూ అనలేదు.

హైమావతి కూర్చోలేదు. సొరుగు తీసి రిజిస్టరు బయటికి లాగింది.

ఆ మధ్యాహ్నానికే సూరిబాబుని కారులో పడుకోబెట్టుకుని రాజమండ్రి చేరింది. డాక్టర్ లలితాంబ ఆమె చెప్పినదంతా విని, కాగితాలన్నీ రెండుసార్లు చదివింది.

"ఇది పదిహేను రోజుల కిందటిది. నాకెందుకు పంపలేదు?"

"బిడ్డ కోసం."

"మరి తాగడం ఎందుకు మానేశావు?"

"ఆయన కోసం."

లలితాంబ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తిట్టడానికి కూడా ఆమెకి ఎక్కడా చోటు దొరకనట్టుంది. "సూది ఇప్పుడే ఆపేస్తాను. నీ నిబంధన సంగతి తర్వాత చూసుకుందాం" అంది.

"సూది ఆపితే ఆగదు మేడమ్. ఆ పేజీ చూడండి. నేను ఇలా ఉన్నంతకాలం ఆయన కరుగుతూనే ఉంటారు. నన్ను ఖాళీ చెయ్యండి."

"ఇరవై ఆరు వారాలు, హైమా. ఎనిమిది వందల గ్రాములుంటుందేమో. బతకొచ్చు, బతక్కపోవచ్చు. ఇంకో ఆరు వారాలు మొయ్యగలిగితే బిడ్డకి భయం లేదు."

"ఆయనకి?"

నర్సు అప్పుడే సూరిబాబుని తూచి చీటీ తెచ్చింది. డెబ్భై రెండు కిలోల మనిషి నలభై ఒకటి ఉన్నాడు. లలితాంబ చీటీని హైమావతికి ఇవ్వకుండా మడిచి పట్టుకుంది. "ఆరు వారాలు ఉండడు" అంది మెల్లిగా.

"ఎందుకుండనండీ?"

సూరిబాబు గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎంతసేపటినుంచి వింటున్నాడో.

"ఇంకా ఉన్నాను కదండీ డాక్టరుగారూ. ఇటు చూడండి." పంచె పక్కకి తీసి తొడ మీద తోలుని రెండు వేళ్ళతో పట్టి చూపించాడు, సంతలో మేకని చూపించినట్టు. "ఇక్కడింకా ఉంది. వీపు మీద కూడా ఉంటుంది. సరిపెట్టుకోవచ్చు. హైమా, నువ్వు కంగారుపడకు. నాలుగు పోయాయి మనకి. అయిదోది నాకోసం పోగొడతావా? నేనడిగానా?"

మీరు అడగలేరు, అందామనుకుంది హైమావతి. అడగగలిగే మీరు ఇప్పుడిక్కడ లేరు, ఆ మనిషి కోసమే నేనీ పని చేస్తున్నాను, ఆ మనిషి తిరిగొచ్చి నన్ను క్షమిస్తాడో లేదో కూడా నాకు తెలియదు. కడుపులో బిడ్డ ఒక్కసారి కదిలింది. అది తన్నడమో, పట్టుకోవడమో. ఆమె చెయ్యి పొట్ట మీదికి వెళ్ళబోయింది. వెళ్ళనివ్వకుండా కలం అందుకుంది.

ఆపరేషను కాగితం మీద సంతకం పెడుతుంటే ఆయన ఏడ్చాడు. భయంతో అయితే బాగుండునని ఆమె ఆయన మొహంలోకి ఆశగా చూసింది. భయం లేదు. పెట్టిన అన్నం ముట్టకుండా లేచిపోతున్న చుట్టాన్ని చూసి ఏడ్చినట్టుంది ఆ ఏడుపు.

చక్రాల మంచం మీద ఆమెని తోసుకుపోతుంటే, పడిపోతాడని నర్సులు వారిస్తున్నా వినకుండా ఆయన పక్కనే నడిచాడు. కుడిచెయ్యి ఆమె వైపు చాచి ఉంది. అరచెయ్యి పైకి ఉంది. హైమావతి ఆ చేతిని అందుకుంది. చల్లగా, తేలిగ్గా ఉంది. వేళ్ళని ఒక్కొక్కటే లోపలికి మడిచింది. మడిచి పిడికిలి చేసి, ఆ పిడికిలిని ఆయన గుండెకి ఆనించి గట్టిగా పట్టుకుంది.

ఆపరేషను గది తలుపుల దగ్గర నర్సు ఆమె చెయ్యి విడిపించింది. ఆమె వదలగానే పిడికిలి మళ్ళీ తెరుచుకుంది.